దమయంతి ముఖం

అమెరికా వెళ్లి ఏం చూసొచ్చావు బాలమణమ్మా అని అడుగుతున్నారు. సమ్మె చూసొచ్చాను. నవ్వకండి. వరంగల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో యూనియన్ జెండా మోసినదాన్ని, ఏది సమ్మెనో ఏది కాదో నాకు తెలుసు. ఇది మిల్లులో జరగలేదు, గనిలో జరగలేదు. టెక్సాస్‌లో, ప్లేనో దగ్గర ఒక గుడి వంటింట్లో జరిగింది. చేసినవాళ్లంతా నాలాంటి ముసలమ్మలు. విజిటర్ వీసా మీద ఆరునెలలకని కొడుకుల ఇళ్లకు వచ్చినవాళ్లు.

ముందు ఆ వంటిల్లు సంగతి వినండి. శని, ఆదివారాలు గుడి క్యాంటీన్‌లో దోసెలు, పులిహోర, పెరుగన్నం అమ్ముతారు. వండేది మేము. జీతం లేదు, సేవ అంటారు. వారమంతా కొడుకు ఇంట్లో చేసేది ప్రేమ, వారాంతం గుడిలో చేసేది సేవ. పనికి పని అనే పేరు తప్ప అన్ని పేర్లూ పెట్టారు. గుడి కమిటీ ఛైర్మన్ అమర్‌నాథ్. అతనికో కన్సల్టెన్సీ కంపెనీ ఉంది. మా కొడుకుల్లో సగంమందికి అతని దగ్గరే ఉద్యోగం. వాళ్ల వీసా అతని చేతిలో, గ్రీన్‌కార్డు అతని చేతిలో. పిల్లలు దేవుడికి దండం పెట్టి, ఇటు తిరిగి అతనికి పెట్టేవాళ్లు.

మా వంటింట్లో దమయంతి అని ఒంగోలు ఆమె ఉండేది. భర్త హనుమయ్య, రిటైరైన హెడ్మాస్టరు. 2005 సెప్టెంబర్‌లో కొడుకు కిరణ్‌కుమార్ ఆ గుడిలోనే తండ్రికి షష్టిపూర్తి చేశాడు. హనుమయ్య మళ్లీ తాళి కడుతుంటే మేమంతా అక్షింతలు వేశాం. కూతురు దేదీప్య రాలేదు. ఆస్టిన్‌లో ఉద్యోగం, సెలవు దొరకలేదని చెప్పారు. తండ్రి షష్టిపూర్తికి సెలవు దొరకని ఉద్యోగం ఏముంటుంది? నాకు అనుమానమే, కానీ పైకి అనలేదు.

అక్టోబర్‌లో ఒక శనివారం వెళ్లేసరికి గుడి గేటు దగ్గర ఒక బోర్డు. దాని నిండా ఆ తాళి కడుతున్న ఫొటో, పైన ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు. మన ఊళ్లో పెద్దవాళ్లకు షష్టిపూర్తి అయితే శుభాకాంక్షలని బోర్డు కట్టరూ? మేమూ అదే అనుకున్నాం. 'ఒక పురుషుడు, ఒక స్త్రీ' అన్నంతవరకు కూడబలుక్కుని చదివి, ఇన్నేళ్ల కాపురానికి గుడివాళ్లు చేసిన సన్మానమని మురిసిపోయాం. దమయంతి సిగ్గుపడుతూ తన ముఖం పక్కన తనే నిలబడింది. మేం చప్పట్లు కొట్టాం. ఎవరో కెమెరాలో తీశారు. ఆ ఫొటోను దమయంతి కోడలి చేత ఆ సాయంత్రమే కూతురికి ఈమెయిల్ చేయించింది.

వారం తిరిగేసరికి అవే బోర్డులు తెలుగువాళ్ల ఇళ్లముందు గడ్డిలో వరసగా మొలిచాయి. దేదీప్య ఫోన్ ఎత్తడం మానేసింది.

అసలు సంగతి చెప్పింది జాహ్నవి. ఎమ్మెస్ చదివే పిల్ల, వారానికోసారి మా పెరుగన్నం కోసం వచ్చేది. బోర్డు కింద చిన్న అక్షరాలున్నాయి, అవి ఆ పిల్ల చదివింది. మగవాడు మగవాణ్ని, ఆడది ఆడదాన్ని పెళ్లి చేసుకుంటే చెల్లదని ఆ రాష్ట్రం రాజ్యాంగంలో రాయాలా వద్దా అని నవంబర్‌లో ఓటింగట. రాయాలి, అవునని ఓటెయ్యండి అని ఆ బోర్డు అర్థం. మరి ఇప్పుడు చెల్లుతోందా అని అడిగాను. "లేదాంటీ, ఇప్పుడూ చెల్లదు. లాలో ఆల్రెడీ ఉంది. మళ్లీ కాన్‌స్టిట్యూషన్‌లో కూడా పెడతారంట" అంది. తాళం వేసిన తలుపుకు ఇంకో తాళం అన్నమాట. ఇంత భయం ఎవరిని చూసి? దీనివల్ల బాగుపడేది ఎవరు? నాకు అక్కడినుంచి కుదురు లేదు.

దమయంతి నన్ను స్టోర్‌రూమ్‌లోకి తీసుకుపోయి తలుపు వేసింది. ఆస్టిన్‌లో దేదీప్య రేణు అనే అమ్మాయితో ఉంటోందని, ఉత్త స్నేహం కాదని, కాపురమేనని చెప్పింది. పిల్ల పోయినేడే దాచకుండా చెప్పిందట. తండ్రి కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు, తర్వాత తనే ఫోన్ చేశాడు. అన్న కిరణ్‌కుమార్ మాత్రం ఇప్పటికీ మాట్లాడడు.

"అది మంచో చెడో నాకు తెలీదు వదినా," అంది. "అది నా పిల్ల. నా ముఖం పెట్టి నా పిల్లని వద్దనిపిస్తున్నారు. నేనేమో పక్కన నిలబడి నవ్వి పంపించాను."

నా కొడుకు ఫోన్ నుంచి చేస్తే, కొత్త నంబరు కదా, దేదీప్య ఎత్తింది. తల్లి ఏడుస్తూ అంతా చెప్పింది. అవతలి మాట నాకూ వినబడింది. "తెలీదంటే నమ్ముతానమ్మా. ఇప్పుడు తెలిసింది కదా. బోర్డ్ ఇంకా అక్కడే ఉందా?" ఉందే అని తల్లి అంది. అంతే, ఫోన్ పెట్టేసింది. ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది?

మొగుడూ పెళ్లాం వెళ్లి అమర్‌నాథ్‌ను అడిగారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడట. కమ్యూనిటీకే గర్వకారణం అంకుల్ అన్నాడట. కొత్త హాలుకు పర్మిషన్ ఇవ్వాల్సిన సిటీ పెద్దలు ఇప్పుడిప్పుడే మనవాళ్లను తమవాళ్లుగా చూస్తున్నారని, దీపావళి విందుకు వాళ్లనూ పిలిచానని, ఓటింగ్ అయ్యాక తీయిస్తానని చెప్పాడట. ఫొటో ఎవరిచ్చారంటే ఇవ్వాల్సినవాళ్లే ఇచ్చారని నవ్వాడట. హాలు కావాల్సింది అతనికి, పెద్దవాళ్ల పక్కన కుర్చీ కావాల్సింది అతనికి. బోర్డు మీద నిలబడాల్సింది మాత్రం దమయంతి.

ఆ నవ్వుతో మా వంటిల్లు పాడైంది. ఫొటో ఎవరిచ్చారు? ఫొటోగ్రాఫరా? పురోహితుడా? మాలోనే ఎవరైనానా? అప్పటిదాకా ఒకరి కూరలో ఒకరు ఉప్పు చూసినవాళ్లం, ఒకరి ముఖం ఒకరు చూడటం మొదలుపెట్టాం. పైగా పొద్దున వంటింట్లో అన్న మాట సాయంత్రానికి అమర్‌నాథ్ చెవిలో ఉండేది. మోస్తున్నది ఎవరో తెలియదు. మాలో పెద్దది వసంతలక్ష్మి, తెనాలి ఆమె. యూనియన్ మనిషి వచ్చాకే గొడవలొచ్చాయని నన్ను అనుమానించింది. ఆమె కొడుకు అమర్‌నాథ్ కంపెనీలోనే కదా అని నేను ఆమెను అనుమానించాను. యజమానికి ఇంతకన్నా ఏం కావాలి? మనం ఒకరినొకరు కాపలా కాస్తుంటే అతను హాయిగా నిద్రపోతాడు.

చివరకు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నప్పుడు నేనే తెగించి అన్నాను. దీపావళి విందు జరిగే శనివారం పొయ్యి వెలిగించొద్దు, బోర్డు తీసేదాకా వండొద్దు అని. గుప్పున లేచారు. దేవుడి ప్రసాదం ఆపుతారా అని ఒకామె, మా వాడి ఉద్యోగం ఊడితే నువ్వు పెడతావా అని ఇంకొకామె. వసంతలక్ష్మి చేతిలో కాయలు గిన్నెలోకి విసిరింది.

"నేనసలు ఆ పెళ్లే ఒప్పుకోనండీ. ఆడదీ ఆడదీ ఏమిటి, చోద్యం కాకపోతే. దానికోసం నేను పొయ్యి ఆర్పాలా?"

"పెండ్లి ఒప్పుకొమ్మని నిన్ను ఎవ్వలడిగిన్రు?" అన్నాను. "రేపు నీ ఫొటో తీసుకపోయి, నీ కొడుకును తిట్టే బోర్డు మీద పెడితే ఊకుంటవా? అది చెప్పు చాలు."

వసంతలక్ష్మి కాయలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. దమయంతి ఎవరినీ బతిమాలలేదు. తాను మాత్రం వండనని, మిగతావాళ్లు వండితే కోపం లేదని చెప్పి లేచి వెళ్లిపోయింది. ఎవరెవరు ఎటో నాకు ఆ రోజు అంతుపట్టలేదు.

దీపావళి శనివారం వచ్చింది. ఓటింగ్ ఆ తర్వాతి మంగళవారమే. పార్కింగ్ నిండిపోయి రోడ్డుదాకా కార్లు. సిటీ పెద్దలు సూట్లలో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. క్యాంటీన్ ముందు ప్లేట్లు పట్టుకుని జనం హాలు చుట్టూ తిరిగిన లైను. లోపల పొయ్యిలు చల్లగా ఉన్నాయి. మేం వరసగా స్టూళ్ల మీద కూర్చున్నాం. అందరూ వచ్చారు. వసంతలక్ష్మి కూడా వచ్చింది, కానీ తలుపు పక్కన విడిగా కూర్చుంది. ఆమె ఏ క్షణాన లేచి పొయ్యి వెలిగిస్తుందోనని నా కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

అమర్‌నాథ్ వచ్చాడు. అతనికి ముందే తెలిసినట్టుంది, ఆశ్చర్యపడలేదు. మొదట ఆంటీ ఆంటీ అన్నాడు. మేం కదల్లేదు. అప్పుడు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"మీరంతా విజిటర్ వీసా మీద ఉన్నారు. క్యాంటీన్‌లో ప్లేట్లు అమ్ముతున్నాం. విజిటర్స్ వర్క్ చేయకూడదు, తెలుసా? ఎవరైనా ఇమిగ్రేషన్‌కి ఫోన్ చేస్తే మళ్లీ జన్మలో వీసా రాదు. నేను చేస్తానని కాదు. జస్ట్ చెప్తున్నా."

చూశారా, నిన్నటిదాకా సేవ. ఆ రోజు మొదటిసారి అది పని అయింది, నేరం కూడా అయింది. మావాళ్ల ముఖాలు పాలిపోయాయి. మనవల్ని మళ్లీ చూడలేమంటే ఏ ముసలిదానికి గుండె జారదు? ఒకామె లేచి పప్పు గిన్నె వైపు నడిచింది కూడా.

అప్పుడు వసంతలక్ష్మి నోరు విప్పింది.

"పని చేయకూడదా బాబూ? తప్పా? అయ్యో, మాకు తెలీదు. అందుకే మానేశాం."

ఆమె స్టూలు లాక్కొచ్చి మా వరసలో వేసుకుంది. "ఇన్నాళ్లూ మావాడితో నేనే అన్నీ వాగాను, వాడు నీకు మోశాడు," అంది. "ఇది కూడా మోయమను. ఆ ఫోన్ చేసేవాళ్లు మా చేతికి గరిటె ఇచ్చిందెవరో కూడా చెప్పాలిగా." పప్పు గిన్నె దాకా వెళ్లినామె వెనక్కి వచ్చి కూర్చుంది. నాకు ఆ ముసలామెను కావలించుకోవాలనిపించింది. ఆమెను అనుమానించింది నిజం, ఆ అనుమానం నిజం కావడమూ నిజం. అయినా ఆమె మా మనిషే.

తలుపు తెరిస్తే లైనంతా వినేస్తోంది. కొందరు మమ్మల్ని చూసి సిగ్గుసిగ్గని అరిచారు, కొందరు బోర్డు తీసేస్తే పోయేదేముందన్నారు. జాహ్నవితో పాటు వచ్చిన స్టూడెంట్లు ప్లేట్లు కింద పెట్టి మా తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ జనంలోంచి కిరణ్‌కుమార్ తల్లి దగ్గరకు తోసుకొచ్చాడు. ముఖమంతా చెమట.

"అమ్మా, ఫొటో ఇచ్చింది నేనే. సార్ అడిగారు. నా గ్రీన్‌కార్డ్ మధ్యలో ఉంది, ఎలా కాదంటాను? ప్లీజ్, స్టవ్ వెలిగించు."

దమయంతి వాడిని తిట్టలేదు.

"కార్డు కావాల్సింది నీకు. దానికి నీ ముఖం ఇచ్చుకో నాయనా. నాదెందుకు ఇచ్చావు?"

బియ్యం బస్తాలు విప్పే పెద్ద కత్తెర గోడకు వేలాడుతుంది. అది తీసుకుని బయటికి నడిచింది. వెనక మేమంతా, మా వెనక ప్లేట్లు పట్టుకున్న జనం. గేటు దగ్గర హనుమయ్య బోర్డు కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె ముందు తన ముఖం కత్తిరించింది, తర్వాత ఆయనది. గట్టి ప్లాస్టిక్, చెయ్యి బొబ్బలెక్కింది. మాకెవరికీ ఇవ్వలేదు, అంతా తనే కోసింది.

పోలీసును పిలిచింది అమర్‌నాథే. ఆఫీసర్ కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఎవరు చేశారంటే దమయంతి కోసిన ముక్కను తన చెంప పక్కన పెట్టుకుని "మై ఫేస్" అంది. అతను రెంటినీ మార్చి మార్చి చూశాడు. అయినా బోర్డు ప్రచారంవాళ్ల ఆస్తి అని జరిమానా టికెట్ రాశాడు, కోర్టుకు రమ్మన్నాడు.

మంగళవారంలోపు ప్లేనోలో, కాపెల్‌లో మా కొడుకుల ఇళ్లముందు బోర్డుల్లో ముఖాలున్నచోట కంతలే మిగిలాయి. ఎవరి గడ్డిలో బోర్డు వాళ్ల అమ్మే కోసింది. ఓటింగ్‌లో గెలిచామా అంటే లేదు. నాలుగింట మూడొంతుల మంది అవునన్నారు, రాజ్యాంగంలో రాసుకున్నారు. అమర్‌నాథ్ జీతానికి వంటవాళ్లను పెట్టుకున్నాడు. కిరణ్‌కుమార్‌ను ప్రాజెక్టు లేకుండా, జీతం ఆపి బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ముఖం ఇచ్చినవాణ్ని కూడా వదల్లేదు. అప్పుడు వాడికి తెలిసింది తను ఎవరి మనిషో.

ఫైన్ కట్టేసి ఊరుకోమని కొడుకులందరూ చెప్పారు. దమయంతి కట్టనంది, జడ్జికే చెబుతానంది.

డిసెంబర్‌లో ఆ చిన్న కోర్టు హాలు మా చీరలతో నిండింది. తెలుగు తెలిసిన దుబాసీ దొరకలేదు. వాయిదా వేస్తామని జడ్జి అంటుండగా వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి ఆమె చెయ్యి వదిలింది. నేను ట్రాన్స్‌లేట్ చేస్తాను అంది లేచిన పిల్ల. దేదీప్యను నేను చూడటం అదే మొదటిసారి. దమయంతి కూతురి మీదినుంచి చూపు తిప్పలేదు, పిలవనూ లేదు. నోరు తెరిస్తే ఏడుస్తానని భయపడింది. జడ్జి ఒప్పుకున్నాడు.

బోర్డు కోశారా అని జడ్జి అడిగాడు. కోశానని తల్లి అంటే కూతురు ఇంగ్లీషులో చెప్పింది. ఎందుకని అడిగాడు.

"అది నా ముఖం. నా పిల్ల మీదికి దాన్ని అరువు ఇవ్వను" అంది దమయంతి.

దేదీప్య మొదటి మాట చెప్పింది. రెండో మాట దగ్గర ఏడ్చేసింది. జడ్జి ఆగాడు. ఆమె ముఖం తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఏ పిల్ల అని జడ్జి అడిగాడు. నేనే అంది.

జడ్జి కళ్లజోడు తీసి, ఇకమీదట ఇలా చేయనని మాటిస్తే ఫైన్ లేకుండా వదిలేస్తానన్నాడు. దేదీప్య దాన్ని తెలుగులో చెప్పి, ఆమె ఎక్కడ ఒప్పేసుకుంటుందోనని భయంగా తల్లివైపు చూసింది.

"మాటివ్వను. మళ్లీ పెడితే మళ్లీ కోస్తాను. అలాగే చెప్పు" అంది దమయంతి.

దేదీప్య జడ్జివైపు తిరిగింది. ఒక్క మాట తగ్గించకుండా, హాలంతా వినబడేట్టు చెప్పింది. ఎవరూ చెప్పకుండానే మేమంతా లేచి నిలబడ్డాం.