గడప దాటిన మెగ్

తెల్లవారగానే హోహేపా తన కుక్కలకు మాంసం ముక్కలు పంచుతాడు. ఇంటికి వంద అడుగుల దూరంలో, పైన్ చెట్ల నీడన, ఆరు చెక్క గూళ్ళు, ఆరు గొలుసులు. ఒక్కో గూడు ముందు ఒక్కో ముక్క పడుతుంది. ఇంటి వసారా మెట్టు దాకా ఏ కుక్కా రాదు. వస్తే చెప్పు విసురుతారు. న్యూజిలాండ్‌లో మా కొండల మీద ఏ గొర్రెల కమతం చూసినా ఇంతే. మేమెవరమూ దీన్ని చెడ్డతనం అనుకోలేదు. పనికుక్క వేరు, పెంపుడు కుక్క వేరు అని తాతల దగ్గర విన్నాం, పిల్లలకు చెప్పాం. పనికుక్కకు పని తప్పిందంటే యజమాని దాన్ని తానే కొండ మీదికి తీసుకెళ్ళి ఒక్క తూటాతో ముగిస్తాడు. పరాయివాడి చేత చేయించడు. అదే దయ అని మా నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమిటో మాకు చెప్పింది ఒక కుక్కే గనుక, ఈ సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా దగ్గర గొర్రెలు కాసే కుక్కలు రెండు రకాలు. ఒకటి మంద వెనక నిలిచి, గొంతు చించుకుని మొరిగి గొర్రెలను ముందుకు తోలుతుంది. రెండోది చూపుకుక్క. అది నోరు విప్పదు. చుట్టూ తిరిగి మంద ముందుకు వెళ్ళి, పొట్ట నేలకు ఆనించి, కళ్ళతోనే గొర్రెలను అదుపు చేసి, యజమాని కాళ్ళ దగ్గరికి తెచ్చి అప్పగిస్తుంది. చూపుకుక్క మొరిగిందంటే దాని యజమాని నలుగురిలో తలెత్తుకోలేడు.

హోహేపా చూపుకుక్క పేరు మెగ్. నల్లటి ఒళ్ళు, తోక చివర మాత్రం తెలుపు. పదకొండేళ్ళుగా అతని వెంటే ఉంది. ఒకసారి పొట్టేలు పొడిచి పక్కటెముక విరిగినా కుయ్యిమనలేదు. హోహేపాకు ఏభై ఎనిమిదేళ్ళు. మనిషి గుమ్మమంత ఉంటాడు. రెండేళ్ళుగా షుగరు జబ్బు ఉంది. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకోవడం మానడు గానీ, ఆ వెంటనే తినాలన్న మాట పనిలో పడితే గుర్తుండదు. అప్పుడప్పుడు కళ్ళు తిరిగేవి. ఆ సంగతి భార్య మెరియానాకు చెప్పలేదు. చెబితే డాక్టరమ్మ దాకా పోతుంది, ఆవిడ బైకు ఎక్కొద్దంటుంది, కొండ మీదికి పోవద్దంటుంది. కొండ మీదికి పోని హోహేపా ఎందుకు పనికొస్తాడని అతని భయం. పని లేని ప్రాణానికి విలువ లేదన్న లెక్క అతను కుక్కలకే కాదు, తనకూ వేసుకున్నాడు పాపం.

ఏప్రిల్ మొదట్లో, కొండ మీది గొర్రెలను దొడ్డికి దించే రోజున మొదటిసారి జరిగింది. పక్క కమతం కొలిన్ సాయం వచ్చాడు. రెండువందల గొర్రెలు ఇరుకు దారిలో దిగుతున్నాయి. ముందు నిలబడి వాటిని అదుపు చేస్తున్న మెగ్ ఉన్నట్టుండి మందను వదిలేసింది. పరుగున హోహేపా దగ్గరికి వచ్చి, అతని ముఖంలోకి చూస్తూ మొరిగింది.

కొలిన్ పగలబడి నవ్వాడు. "ఏరా హోహేపా, మీ ముసల్దానికి ఇన్నాళ్ళకి నోరొచ్చిందే! అదీ నిన్నే తిడుతోంది!"

"నోర్ముయ్ మెగ్! పో, ముందుకి పో!"

మెగ్ కదల్లేదు, మొరగడమూ ఆపలేదు. ముందు అడ్డు తొలగితే గొర్రెలకు ఇంకేం కావాలి, రెండువందలూ పొదల్లోకి చెదిరిపోయాయి. పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా గంగపాలైంది. హోహేపా ఒళ్ళంతా చెమట, కాళ్ళలో వణుకు. కోపం వల్ల అనుకుని ఒక బండ మీద కూలబడ్డాడు. కొలిన్ జాలిపడి తన ఫ్లాస్కులోని తియ్యటి టీ, ఒక కేకు ముక్క ఇచ్చాడు. పావుగంటలో వణుకు తగ్గింది. మెగ్ కూడా మొరగడం ఆపి, ముందు కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకుంది. ఆ రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన ఆ ఇద్దరు తెలివైన మగవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

"వయసైపోయిందిరా దానికి. మా ముసలి కుక్క డ్యూక్ కూడా అంతే, చూపు మందగించింది. వచ్చే వారం వాడి పని చూడాలి," అన్నాడు కొలిన్, కేకు పొడి దులుపుకుంటూ.

ఆ మంగళవారం దొడ్డి దగ్గర మళ్ళీ మొరిగింది. గురువారం కంచె బాగుచేస్తుంటే మళ్ళీ. ప్రతిసారీ హోహేపా ముఖంలోకి చూస్తూనే. శనివారం మా ఊళ్ళో గొర్రెలు తోలే కుక్కల పోటీలు. నాలుగు ఊళ్ళవాళ్ళూ వస్తారు. వాళ్ళ ముందు మెగ్ నోరు విప్పితే ఇంకేమైనా ఉందా!

గురువారం రాత్రి భోజనాల దగ్గర హోహేపా తల దించుకునే చెప్పాడు. "మెగ్ పని అయిపోయింది. రేపు పొద్దున్నే తీసుకెళ్తా."

మెరియానా చేతిలో గరిటె ఆగిపోయింది. "పదకొండేళ్ళు నీ నీడలా తిరిగింది కదయ్యా. మూడుసార్లు మొరిగితే చంపేస్తావా? నేను రోజుకి ముప్పైసార్లు మొరుగుతాను, నన్నేం చేస్తావ్?"

"నువ్వు గొర్రెల ముందు మొరగవుగా."

ఎప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వేవారు. ఆ రాత్రి నవ్వలేకపోయారు.

"పని లేకుండా గొలుసుకి కట్టి ఉంచితే కుమిలి కుమిలి చస్తుందే. మా నాన్న ఇలాగే చేశాడు, వాళ్ళ నాన్నా ఇలాగే చేశాడు."

"అయితే ఇంట్లోకి తెచ్చుకుందాం."

"ఇంట్లోకా? పనికుక్కనా?" ఆవిడేదో గొర్రెను మంచం మీద పడుకోబెడదాం అన్నట్టు చూశాడు హోహేపా.

శుక్రవారం ఉదయం అలవాటు ప్రకారం సూది వేసుకున్నాడు. పళ్ళెంలో గుడ్లు, రొట్టె పెట్టింది మెరియానా. ముద్ద గొంతు దిగలేదు. తుపాకీ తీసుకుని బయటికి నడిచాడు. గొలుసు విప్పగానే మెగ్ ఒక్క గెంతులో బైకు వెనక ఎక్కి కూర్చుంది. ఆరింటిలో తననే పిలిచాడన్న సంబరం దాని తోకలో కనిపిస్తోంది. ఆ సంబరం చూడలేక హోహేపా దారంతా వెనక్కి తిరగలేదు.

కొండ పైన పాత పైన్ చెట్ల వరుస దగ్గర బైకు ఆపాడు. చేతులు వణుకుతున్నాయి. దుఃఖం అనుకున్నాడు. అందులో దుఃఖమూ ఉంది మరి. మెగ్ కిందికి దూకి, అతని ముఖంలోకి చూస్తూ మొరగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు కూడానా తల్లీ," అన్నాడు.

తూటా పెట్టబోతే వేళ్ళ మధ్య నుంచి జారి గడ్డిలో పడింది. తీయడానికి వంగాడు. కొండలన్నీ గిర్రున తిరిగాయి. తుపాకీ ఒకవైపు, తానొకవైపు పడిపోయాడు. మెగ్ అతని చెంపలు నాకింది, చొక్కా పట్టి లాగింది, చెవి దగ్గర మొరిగింది. తర్వాత ఒక్కసారిగా వెనక్కి తిరిగి, కొండ దిగువకు పరుగు తీసింది. సగం మూతపడిన కళ్ళకు దాని తోక చివరి తెలుపు దూరమవుతూ కనిపించింది. 'పారిపోతోంది. పోనీ, మంచిదే,' అనుకున్నాడు హోహేపా. అంతకుమించి ఆలోచించే ఓపిక అతనిలో మిగల్లేదు.

కింద ఇంట్లో హోహేపా మేనత్త రొట్టెల పిండి పిసుకుతోంది. ఆవిడ పేరు పారే. మర్నాటి పోటీలకు వచ్చేవాళ్ళందరికీ బంగాళాదుంపలు పులియబెట్టి చేసే రెవెనా రొట్టెలు ఆవిడే చేయాలి, ఇంకెవరు చేసినా ఒప్పుకోదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి. ఒకప్పుడు మగవాళ్ళతో సమానంగా మందలు తోలింది. ముప్పై ఏళ్ళుగా పోటీలకు న్యాయనిర్ణేత. కొండల్లో ఆవిడ మాటకు ఎదురులేదు.

వసారా మెట్లెక్కి, గడప దాటి, తళతళలాడే వంటింటి నేల మీద బురద కాళ్ళతో వచ్చి నిలబడింది మెగ్. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"వదిలేశాడు పెద్దత్తయ్యా! చంపలేక వదిలేశాడు!" మెరియానాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గబగబా మాంసం ముక్క తీసి వేసింది.

మెగ్ ఆ ముక్కను వాసనైనా చూడలేదు. రెండుసార్లు మొరిగి, మెరియానా చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి, పొట్ట నేలకు ఆనించి, రెప్ప వేయకుండా చూడసాగింది. మెరియానా పొయ్యి వైపు అడుగేస్తే అటు అడ్డొచ్చింది. బల్ల వైపు జరిగితే ఇటు అడ్డొచ్చింది. గుమ్మం వైపు కదిలితే మాత్రం మెల్లగా వెనకే పాకింది.

"ఇదేంటత్తయ్యా, దీనికి పిచ్చిగానీ పట్టిందా?"

పారే పిండి చేతులు దులుపుకుంది. "పిచ్చి కాదే. అది నిన్ను తోలుతోంది."

"నన్నా? నేనేమన్నా గొర్రెనా?"

"ఈ పూటకి గొర్రెవే. చూపుకుక్క గొర్రెల్ని తోలుకెళ్ళి ఎక్కడ పెడుతుందే?"

"యజమాని కాళ్ళ దగ్గ..." మెరియానా మాట సగంలో ఆగింది. బల్ల మీద గుడ్లు, రొట్టె ముట్టకుండా అలాగే ఉన్నాయి. పక్కనే వాడేసిన సూది. "సూది వేసుకున్నాడు. ఏమీ తినలేదు!"

తేనె సీసా, నిమ్మరసం సోడా బాటిలు చేత పట్టుకుని పికప్ బండి వైపు పరుగెత్తింది. మోకాళ్ళ నొప్పి మాట మర్చిపోయి పారే కూడా ఎక్కేసింది. మెగ్ ముందు పరుగెత్తింది. గేటు తీయడానికి బండి ఆగితే వెనక్కొచ్చి, బండిని కూడా చుట్టి తోలింది.

హోహేపా పైన్ చెట్ల కింద ముఖమంతా తెల్లగా పాలిపోయి, ఏదో గొణుగుతూ పడి ఉన్నాడు. మెరియానా అతని చెంప లోపల తేనె రాసింది. కాస్త తెలివి వచ్చాక కొంచెం కొంచెంగా సోడా తాగించింది. అరగంటకు ముఖంలో రక్తం కనిపించింది. అప్పటిదాకా మొరుగుతున్న మెగ్ నోరు మూసుకుని, అతని బూటు మీద తల ఆనించి పడుకుంది.

గడ్డిలో పడి ఉన్న తూటాను పారే తీసి జేబులో వేసుకుంది. "ఇది నా దగ్గరుంటుందిరా," అంది, అంతే.

"ఎన్నిసార్లు అయింది ఇలా? నిజం చెప్పు," అంది మెరియానా.

హోహేపా బూటు మీది నల్లటి తలను నిమిరాడు. "అది మొరిగిన ప్రతిసారీ," అన్నాడు. అని, ఆ కొండంత మనిషి కుక్క మెడ కావలించుకుని బావురుమన్నాడు. మెరియానా కూడా ఏడ్చింది. ఏడుస్తూనే ఆ పదకొండేళ్ళ ముసలిదాన్ని ఎత్తుకుని బండి ముందు సీట్లో కూర్చోబెట్టింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. మందు తగ్గించి రాసింది. మనిషి ఒంట్లో చక్కెర పడిపోతే వచ్చే తేడాను కొన్ని కుక్కలు వాసనతో పసిగడతాయని చెప్పింది. వేళకు తింటే కొండెక్కడం మానక్కర్లేదనీ అంది. రెండేళ్ళు దాచిన భయం రెండు నిమిషాల్లో తీరిపోయింది. అడిగి ఉంటే అప్పుడే తీరేది.

శనివారం పోటీలకు హోహేపా మెగ్‌ను తీసుకొచ్చాడు, పోటీకి కాదు, తోడుకి. బహుమతులు ఇచ్చే వేళకు, మైదానమంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మెగ్ అతని ముఖంలోకి చూసి మొరిగింది. నాలుగు ఊళ్ళ జనం తలలు తిప్పారు. చూపుకుక్క మొరగడమా, అదీ పోటీల మైదానంలో! హోహేపా సిగ్గుపడలేదు. జేబులోంచి రొట్టె తీసి తినడం మొదలుపెట్టాడు.

అప్పటికే కథంతా విన్న కొలిన్ కేకేశాడు. "తినరా నాయనా, తిను! మీ డాక్టరమ్మ అరుస్తోంది!"

జనం నవ్వు ఆగేదాకా ఉండి, పారే లేచి నిలబడింది.

"ముప్పై ఏళ్ళుగా ఇక్కడ కుక్కలకి మార్కులు వేస్తున్నాను. నోరు విప్పిన చూపుకుక్కకి ఏనాడూ మార్కు వెయ్యలేదు. మెగ్ పని తప్పిందనుకున్నాం మనం. అది పని తప్పలేదర్రా. గొర్రెల్ని వదిలి మనిషిని కాసింది. తనని చంపడానికి తుపాకీ తెచ్చినవాణ్ణి కూడా వదిలిపోకుండా కాసింది. దాని మొరుగులో తప్పు వెతికాం గానీ, అదేం చెబుతోందో ఒక్కరమూ వినలేదు. మీ ఇళ్ళ వెనకాల గొలుసులకున్న ముసలివాటి సంగతి ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

కొలిన్ మెల్లగా లేచి తన పికప్ దగ్గరికి నడిచాడు. వెనక కట్టి ఉన్న డ్యూక్‌ను విప్పి, ముందు తలుపు తెరిచాడు. ఆ ముసలి కుక్కకు అర్థం కాలేదు. ఎక్కితే తంతాడేమోనని వెనక్కి వెనక్కి జరిగింది.

"ఎక్కరా బాబూ, ఎక్కు. బతిమాలించుకుంటున్నావా నాచేత?" అన్నాడు కొలిన్. ఆ గొంతులో వెటకారం లేదు.

ఇప్పుడు హోహేపా ఇంట్లో పొయ్యి పక్కన ఒక పాత ఉన్ని దుప్పటి ఉంది. మెగ్ దాని మీద పడుకుని, యజమాని పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కళ్ళు తిప్పకుండా కాపలా కాస్తుంది. మా కొండల్లో ఇంకా కొన్ని ఇళ్ళలో అలాంటి దుప్పట్లు వెలిశాయి, అన్ని ఇళ్ళలోనూ అని మాత్రం అబద్ధం చెప్పను. పని చేసినన్నాళ్ళూ మనవాళ్ళయినవాళ్ళు పని చాలించాక కూడా మనవాళ్ళే, అది కుక్కయినా సరే, మనిషయినా సరే.