పాత ఫోన్లలో కొత్త గొంతు

బిజినేపల్లి మాలతికి ఇంటర్ చదువుతుండగా చూపు పోయింది. అయినా డిగ్రీ పూర్తిచేసి కంప్యూటర్ నేర్చుకుంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరే ఆమెకు ఆధారం. అది ఇంగ్లిషు గలగలా చదివేది. తెలుగు వచ్చేసరికి ఒత్తులు మింగేసేది. పత్రికలో వార్త వింటే సగం అర్థమయ్యేది కాదు.

విసిగిపోయి, తెలుగు చదివే గొంతును తనే తయారుచేయడానికి కూర్చుంది. దానికి 'ముచ్చట' అని పేరు పెట్టింది. రాసిన కోడ్ దాచుకోలేదు, నెట్‌లో అందరికీ తెరిచిపెట్టింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్దవచ్చు. చూపులేనివాళ్లు ఒకరికొకరు చెప్పుకుని వాడడం మొదలుపెట్టారు.

నిరుడు ఎండాకాలంలో కొత్త వెర్షన్ విడుదల చేసిన రోజే మాలతికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను ఇమ్మానుయేల్. గద్వాల బస్టాండ్ల నిలవడ్డ. పొద్దుగాల ముచ్చట అప్‌డేట్ చేసిన కాన్నుంచి నా ఫోన్ నోరు తెరుస్తలేదు. ముచ్చటల ఇచ్చిన నీ నంబర్ యాదికుంటే, ఎవర్నో బతిమాలి వాళ్ల ఫోన్ల కెల్లి చేస్తున్న. కర్నూలుల ఇంటర్వ్యూ ఉండె, అడ్రస్ ఫోన్ల ఉన్నది. బస్సు పాయె. గిట్లనేనా చేసేది?"

సాయంత్రానికి మరికొందరి ఫిర్యాదులు వచ్చాయి. పాత ఫోన్లన్నీ మూగబోయాయి. ఆమె వెంటనే ఆ వెర్షన్ వెనక్కి తీసుకుంది. జరిగిన తప్పేమిటో, తనెక్కడ పరీక్షించకుండా వదిలేసిందో దాపరికం లేకుండా ముచ్చట వాడేవాళ్ల గ్రూపులో రాసింది. "చేతగానప్పుడు ఎందుకు పెట్టుకున్నవ్?" అని ఒకాయన జవాబిచ్చాడు.

కూలి నుంచి వచ్చిన తల్లి నర్సమ్మ, బిడ్డ అన్నం ముట్టకపోవడం చూసి పక్కన కూర్చుంది.

"ఎందుకు బిడ్డా నీకీ పరేషాన్? ఇడిసిపెట్టరాదు."

"ఎట్ల ఇడుస్తనమ్మా? నన్ను నమ్మినోళ్లను నడిబజార్ల నిలబెట్టిన. బాగుచేసేదాంక ఇడువ."

పాత ఫోన్లున్నవాళ్లు ముందుగా పరీక్షించి చెప్పాలని మాలతి గ్రూపులో సాయం అడిగింది. మొదట ముందుకొచ్చింది ఇమ్మానుయేలే. "నాది పాత ఫోనే. ముందు నా దాంట్ల ఏసి చూడు. ఆగిపోతే తిడ్త, నడిస్తే చెప్త."

అన్నట్టే తిట్టాడు, అన్నట్టే చెప్పాడు. అతన్ని చూసి మరికొందరు చేరారు. కోడ్ తెలిసినవాళ్లు లోపాలు దిద్ది పంపారు, తెలియనివాళ్లు తమ గొంతుతో మాటలు రికార్డు చేసి పంపారు. వానాకాలం పోయేసరికి ముచ్చట పాత ఫోన్లలో కూడా తడబడకుండా చదవసాగింది.

చూపులేనివాళ్ల సంఘం ఏటా సభ్యులను ఓటు అడుగుతుంది: మీకు బాగా అక్కరకొచ్చిన సాఫ్ట్‌వేర్ ఏది? ఈసారి ఎక్కువమంది ముచ్చట పేరే చెప్పారు. వనపర్తిలో సభ పెట్టి మాలతిని వేదిక మీదికి పిలిచారు. ఆమె పనిచేసినవాళ్ల పేర్లన్నీ చెప్పి, ఇమ్మానుయేల్‌కు మైకు అందించింది.

"అందరికన్న ఎక్కువ తిట్టినోన్ని నేనే. ఓటేసింది కూడా దీనికే. గందుకే చెప్తున్న, నమ్మున్రి" అన్నాడతను. హాలంతా నవ్వులు, చప్పట్లు. ముందు వరుసలో నర్సమ్మ వెనక్కి తిరిగి చూసి, "గింతమందికి పనికొచ్చిందా!" అనుకుంది.

మాలతి వేదిక దిగగానే శ్రీరంగాపూర్ నుంచి వచ్చిన కురుమూర్తి అనే పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అంతా మంచిగనే ఉన్నది గానీ బిడ్డా, నీ ముచ్చట 'వడ్లు'ను 'వడలు' అంటది. మార్కెట్ ధర ఇందామంటే హోటల్ల కూసున్నట్టైతది."

మాలతి పగలబడి నవ్వింది. "గట్లనా తాతా? నీ ఫోన్ జర ఇటియ్యి, నన్ను కూడా ఇననియ్యి."

"ముందు బువ్వ తిందువు రా" అని నర్సమ్మ పిలిచింది.

"వస్తున్నమ్మా" అంటూనే మాలతి కుర్చీ లాక్కుని కూర్చుంది.