చెయ్యెత్తినవాళ్ళందరూ ఎక్కిన బండి

నేను ఒక కంప్యూటర్ని. చంకలో పలకలా పెట్టుకు తిరిగే ఇప్పటి పిల్లకాయల బాపతు కాదు, బల్ల కింద ఇనప్పెట్టెలా కూర్చునే పాతకాలపు ఒళ్ళు నాది. కొత్తలో నా పంకా తిరిగిందంటే ఎదురు గోడమీద భారతదేశం పటం రెపరెపలాడి, కాశ్మీరం వచ్చి కన్యాకుమారికి తగిలేది. నమ్మకపోతే మానెయ్యండి. ఆ పటం ఇప్పుడు లేదు కాబట్టి అబద్ధమని రుజువు చేయడం మీ వల్ల కాదు.

ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు. చదువు మాత్రం పల్లెటూరి చదువే. అత్తిలి దారిలో ఓ ఊరి హైస్కూల్లో దింపారు నన్ను. పిల్లలకు కంప్యూటరు నేర్పాలని తెచ్చారు. తెచ్చాక, పిల్లలు ముట్టుకుంటే పాడైపోతానని గదికి తాళం వేశారు. పంద్రాగస్టుకు ముసుగు తీసి, బొట్టు పెట్టి, వచ్చిన పెద్దలకు చూపించి మళ్ళీ ముసుగేసేవారు. ఆ విధంగా నేను చాలా ఏళ్ళు దేవుడిగా పనిచేశాను. గోడకవతల చెప్పే ఎక్కాలూ, సంధులూ వింటూ కాలక్షేపం చేశాను. ఆగమసంధి దాకా వచ్చానో లేదో వేలం వేసేశారు.

పాడుకున్నాయన పేరు కడలి బుల్లబ్బాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి ఆయుష్షుతో లెక్కేస్తే ఇద్దరిదీ ఒకటే ఈడు కాబట్టి, నేను ఆయన్ని గారూ గీరూ అనను.

బుల్లబ్బాయికి ఒక ధర్మం ఉండేది. రోడ్డుమీద చెయ్యెత్తినవాణ్ణి వదిలేసి బస్సు పోకూడదు. సందు లేకపోయినా సరే, "ఇంకొక్కరండి, సర్దుకోండి" అని ఎక్కించుకునేవాడు. మనుషులు, కోళ్ళ గంపలు, అరిటి గెలలు. ఒకసారి పెళ్ళివారిని ఎక్కించుకుంటూ పందిరి రాటలు కూడా ఎక్కించుకున్నాడట. దారిలోనే ముహూర్తం వచ్చేస్తే పెళ్ళి బస్సులోనే అయిపోయిందట. ఇది ఆయన చెప్పింది. అంత పెద్ద మాట చెప్పేవాడి ఇంట్లో నేను సుఖపడతానని అప్పుడే అనుకున్నాను.

సుఖపడ్డాను కూడా, ఇంటికి ఇంటర్నెట్టు పెట్టించేదాకా.

ఏ వెబ్‌సైటు తెరిచినా అది మొట్టమొదట ఒక మాట అడుగుతుంది. "మీకు అప్పుడప్పుడు కబుర్లు పంపించుకోనిస్తారా?" పక్కన రెండు మీటలు. ఒకటి సరే, ఒకటి వద్దు. లోకంలో అందరూ ఆ వద్దు మీద నొక్కి పోతారు. మా బుల్లబ్బాయి అలా పోలేడు.

"పాపం, చెయ్యెత్తి అడుగుతున్నాడే మంగాయమ్మా," అనేవాడు భార్యతో. "కాదంటే ఏం బావుంటది. రైట్, రైట్." అని సరే నొక్కేవాడు.

రాశిఫలాలవాడు ఎక్కాడు. మోకాళ్ళ నొప్పుల నూనెవాడు ఎక్కాడు. సినిమా కబుర్లవాడు, పేకాటవాడు, రాత్రికి రాత్రి జుట్టు మొలిపిస్తానన్నవాడు ఎక్కారు. అందరూ నా తెరకు కుడివైపు కింది మూల చేరి, ఒకణ్ణొకడు తోసుకుంటూ కేకలు పెట్టేవారు. కొన్నాళ్ళకు వాళ్ళలో కొందరు కేక మార్చారు. "మీ కంప్యూటరుకు వైరసు పట్టింది. ప్రమాదం. ఇక్కడ నొక్కండి."

ఆ మాట చదివి మంగాయమ్మ నాకు దిష్టి తీసింది. ఎండుమిరపకాయలూ ఉప్పూ నా చుట్టూ తిప్పి, నా పక్కనే నిప్పుల్లో వేసింది. ఆ పొగంతా నా పంకాలోకి పోయి, నేను దగ్గాను. "చూశారా, దగ్గు కూడా వచ్చింది. వైరసే," అంది. ఒంట్లో నలత లేనివాడు తనకు జబ్బు లేదని చెప్పుకోలేకపోవడం ఎంత నరకమో నన్నడగండి.

ఇక అసలు రోజు సంగతి.

బుల్లబ్బాయి కూతురి కూతురు దేవిక. వీధి చివర ఇల్లు. కోడిపెట్ట కాలు విరిగితే ఈనెపుల్ల ఆసరా పెట్టి కట్టు కట్టిన పిల్ల. పశువుల డాక్టరు కావాలని చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు. పరీక్ష రాసింది, ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీ కావాలో వరసపెట్టి కంప్యూటర్లో ఆప్షన్లు ఇవ్వాలి. ఏది ముందు పెట్టాలన్న దానిమీద ఇంట్లో మేనమామలూ బాబాయిలూ వాదించుకుని వాదించుకుని తేల్చేసరికి ఆఖరి రోజు వచ్చేసింది. సాయంత్రం అయిదింటికి తలుపు మూసేస్తారు. ఊళ్ళో నెట్ సెంటరువాడు చూస్తే మరదలి పెళ్ళికి పోయాడు. మిగిలింది నేను.

దేవిక భోజనం చేసి వచ్చేలోపు నన్ను వేడెక్కించి ఉంచుదామని బుల్లబ్బాయి ముందే కూర్చున్నాడు. కింది మూలనుంచి కేక వినిపించింది. ప్రమాదం, ఇక్కడ నొక్కండి. మనవరాలి పనికి అడ్డం రాకూడదని నొక్కాడు.

తెరంతా ఎర్రబడిపోయింది. సైరను మోగింది. ఎవరో ఆడగొంతు, "కంప్యూటరును ఆపకండి, మీ సమాచారమంతా పోతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి," అని చదవడం మొదలుపెట్టింది. బుల్లబ్బాయి ఆ నంబరుకు ఫోను చేశాడు.

"హలో బాబూ, మా కంప్యూటరుకి ఒంట్లో బాగోలేదండి."

"కంగారు పడకండి సార్. నేను చెప్పిన పేరు టైపు చేసి, వచ్చినదాన్ని దింపుకోండి. నేను ఇక్కణ్ణుంచే మీ కంప్యూటరు లోపలికొచ్చి బాగు చేస్తాను."

"లోపలికొస్తారా? అంతకంటేనా, రండి బాబూ. ఇంతకీ మీదే ఊరండి?"

"ముందు టైపు చేయండి సార్."

"చేస్తున్నానండి. గొంతు నీరసంగా ఉంది, భోంచేశారా?"

"సార్, టైపు చేయండి."

బుల్లబ్బాయి ఒక్కొక్క అక్షరం వెతుక్కుని నొక్కుతున్నాడు. ఆయన వేలు నా మీద అంత బరువుగా ఎన్నడూ పడలేదు. అప్పుడే దేవిక గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే మంగాయమ్మ.

"తాతయ్యా, ఫోన్లో ఎవరు?"

"కంప్యూటరు డాక్టరమ్మా. లోపలికొచ్చి చూస్తానంటున్నారు."

దేవిక ఒక్క అంగలో నా దగ్గరికొచ్చింది. "నువ్వు రానిస్తే నా పాస్‌వర్డు కూడా చూసేస్తాడు తాతయ్యా. నా ఆప్షన్లు వాడి చేతిలో పెట్టినట్టే. ఆ తీగ పీకెయ్ అమ్మమ్మా."

మంగాయమ్మ గోడ దగ్గరికెళ్ళి ఇంటర్నెట్టు తీగను ములక్కాడ తుంపినట్టు లాగేసింది. సైరను మాత్రం ఆగలేదు. బుల్లబ్బాయి ఫోను చెవిన పెట్టుకునే ఉన్నాడు.

"మాటిచ్చేశానే," అన్నాడు నీళ్ళు నములుతూ. "పాపం మంచి చెయ్యడానికే వస్తానంటుంటే…"

మంగాయమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "ఏవండి, నేనొకటడుగుతాను చెప్పండి. మీ బస్సులోకి ఒకడు టికెట్టు లేకుండా ఎక్కి, బండి కాలిపోతోందని గోలపెట్టి, డ్రైవరు సీటు నాకివ్వండి అంటే, ఇచ్చేవారా?"

గది నిశ్శబ్దమైందని చెబుదామనుకున్నాను గానీ సైరను మోగుతూనే ఉంది. బుల్లబ్బాయి వీపు మాత్రం నిటారుగా అయింది. భుజాన సంచి ఉన్నప్పుడు నిలబడే తీరు అది.

"బాబూ," అన్నాడు ఫోన్లో. "మీ టికెట్టేదండి?"

"ఏం టికెట్టు సార్?"

"ఏ స్టేజీలో ఎక్కారు? మీ ఆఫీసు పేరేంటి, ఏ వీధిలో ఉంది, మిమ్మల్ని ఎవరు పంపారు? టికెట్టు లేకుండా మా బండిలో కుదరదండి."

అవతలివాడు ఏదో తిట్టాడు. అది నేను చదివిన బళ్ళో చెప్పలేదు. ఫోను పెట్టేశాడు.

"దిగిపోయాడు," అన్నాడు బుల్లబ్బాయి.

దేవిక అప్పటికే నా ముందు కూర్చుంది. మూడు మీటలు ఒక్కసారి నొక్కింది. అది నా జీవనాడి, దానికి నేను పలకకపోవడం అంటూ ఉండదు. లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించాను. వాటిలో బ్రౌజరును పట్టుకుని ఆపేసింది. ఎరుపు పోయింది. సైరను పోయింది. పెరట్లో కాకి అరుపు ఎంత కమ్మగా వినబడిందో చెప్పలేను.

తీగ మళ్ళీ పెట్టి, బ్రౌజరు తెరిచారు. "ఇందాకటి పేజీలు మళ్ళీ తెరవనా?" అని అది వినయంగా అడిగింది. బుల్లబ్బాయి వేలు అలవాటు కొద్దీ సరే మీదికి పోతుంటే దేవిక మధ్యలోనే పట్టుకుంది. "వద్దు తాతయ్యా. నువ్వు అడిగినవాళ్ళందరికీ సరే అన్నావు, వాళ్ళే ఈ గోలంతా చేస్తున్నది. ఇదిగో చూడు, అందరూ ఇక్కడ కూర్చున్నారు."

సెట్టింగుల్లో అనుమతులున్నచోట తెరిచి చూపించింది. ఇందాకటి ఎర్రతెరవాడు కూడా అక్కడే, జుట్టు మొలిపించేవాడి పక్కన, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నాడు. బుల్లబ్బాయి వేలితో తలలు లెక్కపెట్టాడు. లేచి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి తన పాత విజిలు తెచ్చి మెళ్ళో వేసుకుని, మౌసు తను తీసుకున్నాడు.

"హోల్డాన్," అన్నాడు. "రాశిఫలాలవారూ, మీ స్టేజీ వచ్చిందండి." నొక్కాడు. పోయింది. "మోకాళ్ళ నూనె, దిగవయ్యా, నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా." పోయింది. "పేకాటబాబూ, ముక్కలు సర్దుకో." జుట్టువాడి దగ్గర ఒక్క క్షణం తన బట్టతల తడుముకున్నాడు గానీ, దింపేశాడు. ఎర్రతెరవాణ్ణి దింపేటప్పుడు అండీ లేదు, బాబూ లేదు. చివరికి దేవిక, వెతుకుడు పేజీనే మార్చేసి, బ్రౌజరుకు తగులుకుని కూర్చున్న ఒక ఎక్స్‌టెన్షన్ను చూపించింది. "వీడెప్పుడు ఎక్కాడో, డ్రైవరు సీట్లోనే ఉన్నాడు తాతయ్యా." వాణ్ణి మెడపట్టి దింపాడు.

"ఇకమీదట ఎవరూ అడక్కుండా చేసెయ్యనా?" అంది దేవిక.

"వద్దు. అడగనీ. కాదనడం నేను నేర్చుకోవాలి."

తర్వాత నాలో ముందునుంచీ ఉన్న వైరసుల పరీక్ష నడిపారు. నేను ఊపిరి బిగబట్టుకున్నాను. ఏమీ లేదని తేలింది. మంగాయమ్మ నావైపు చూసి, "అయితే ఆ దగ్గు మిరపకాయలదా," అంది. నేను మూలిగాను.

అయిదు దగ్గర పడుతోంది. దేవిక పాస్‌వర్డు మార్చుకుంది. ఆప్షన్లు వరసగా పెట్టింది. మేనమామలు తేల్చిన వరసలో కాదు, తనకిష్టమైన వరసలో. పంపించు నొక్కింది. తెరమీద చక్రం తిరగసాగింది. ఆఖరి గడియల్లో రాష్ట్రంలోని పిల్లలంతా ఒకే గుమ్మంలో తోసుకుంటున్నారు మరి. అప్పుడు నేను లాగాను చూడండి. నా పంకా తిరిగిన తిరుగుడుకు అత్తిలి సంతలో గొడుగులు లేచి తణుకులో దిగాయి. తణుకువాళ్ళు ఆ గొడుగులు తిరిగివ్వలేదు కూడా.

"మీ ఆప్షన్లు నమోదయ్యాయి."

బుల్లబ్బాయి విజిలు వేశాడు. వీధిలో ఆటో ఒకటి సడన్ బ్రేకు వేసింది.

దేవికకు సీటొచ్చింది. ఇప్పుడు సెలవులకు వస్తే స్టెతస్కోపు నా పెట్టెమీద ఆనించి, "ఎద్దుకన్నా గట్టి ప్రాణం," అంటుంది. మంగాయమ్మ నాకు బొట్టు పెడుతుంది, పొగ మాత్రం వేయదు. బుల్లబ్బాయి టీకొట్టు దగ్గర ఆ రోజు కథ చెబుతుంటాడు. చెప్పినప్పుడల్లా దిగిపోయినవాళ్ళు పెరుగుతూ, ప్రస్తుతం మూడు బస్సులైంది. నేను కాదనను. గొడుగుల సంగతి నాకూ ఉందిగా.

నిన్న ఏదో కొత్త వెబ్‌సైటు తెరిచాడు. అది చెయ్యెత్తింది. "మీకు కబుర్లు పంపించుకోనిస్తారా?" బుల్లబ్బాయి కళ్ళజోడు సవరించుకుని, పాపం అన్నట్టు కాసేపు దానివంక చూశాడు. మెళ్ళో విజిలు తడుముకున్నాడు.

"బండి ఫుల్లండి," అన్నాడు మర్యాదగా. వద్దు నొక్కాడు. "రైట్, రైట్."

నేను కదిలాను.