సున్నా హైడ్రోజన్

"నీ లీవు ఓకే చేశానమ్మా," అన్నారు మా ల్యాబ్ పెద్దాయన, తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టి.

పెళ్ళయ్యాక మా ఇద్దరికీ మొదటి ప్రయాణం! చేతిలో గాజు గొట్టం లేకపోతే ఎగిరి గంతేసేదాన్ని.

"కానీ," అన్నారాయన, "లేబుల్ ఊడిపోయిన ఆ సీసా ఉంది చూడు, అందులోని హైడ్రోకార్బన్ ఫార్ములా సాయంత్రానికల్లా నాకు చెప్పాలి. లేకపోతే రేపు కూడా ఇక్కడే."

అదెంత పని! కాస్త తూచి ఆక్సిజన్‌లో కాల్చాలి. హైడ్రోజన్ నీటి ఆవిరవుతుంది, కార్బన్ కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆవిరిని ఒక గొట్టం పట్టుకుంటుంది, గ్యాసును ఇంకో గొట్టం. ఏది ఎంత బరువు పెరిగిందో చూసుకుంటే చాలు. కూనిరాగం తీస్తూ గొట్టాలు తగిలించాను. నీలం గొడుగు తీసుకెళ్ళాలా, ఎర్రదా అని ఆలోచిస్తూ కాల్చాను.

లెక్క చూసి పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టారు.

"హైడ్రోజన్ సున్నా. కార్బనేమో మనం కాల్చిన సరుకు కంటే ఎక్కువ బరువుంది! ఏమ్మా, పెళ్ళి సంబరం కూడా కలిపి తూచావా?"

నా మొహం మాడిపోయింది. సరిగ్గా అప్పుడే మావారు దిగబడ్డారు.

"టికెట్లు తెచ్చేశా!" అన్నారు. తర్వాత నా మొహం చూశారు. బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నారు.

గొట్టాలు మళ్ళీ చూశాను. ఆవిరి గొట్టం బరువు వెంట్రుకవాసి కూడా పెరగలేదు. పెరగదు మరి! దాన్ని వెనక పెట్టి, గ్యాసును పట్టే కాస్టిక్ సోడా గొట్టాన్ని ముందు తగిలించాను. దానికి ఆవిరీ ఒకటే, గ్యాసూ ఒకటే. విందులో మొదటి వరుసలో కూర్చున్న మా పెద్ద మామయ్యలాగా, వచ్చినవన్నీ ఊడ్చేసింది.

"నవ్వకండి," అన్నాను.

"నేనేమన్నానని?"

"మీ భుజాలు కదులుతున్నాయి!"

కొత్త గొట్టాలు, సరైన వరుస, మళ్ళీ మంట. ఈసారి ఎన్ని అణువుల నీరో, అన్నే కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్కో కార్బన్‌కీ రెండేసి హైడ్రోజన్లు. ఆ జట్టు భారం పద్నాలుగు. మొత్తం అణుభారం ఎనభై నాలుగని నిన్ననే తేలింది. అంటే అలాంటి జట్లు ఆరు.

"ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు సార్!"

పెద్దాయన లెక్క రెండుసార్లు చూసుకున్నారు. "పో తల్లీ, నా మనసు మారకముందే పో!"

మెట్లు దిగుతూ మావారు గొంతు సవరించుకున్నారు.

"రేపు ఆరింటి బస్సు. ముందు స్నానం, తర్వాత కాఫీ, ఆ తర్వాత చెప్పులు. వరుస సంగతి మాత్రం నాకొదిలెయ్."