పెద్దల మూట

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ బజారులో కిరాణా దుకాణం నడిపే దత్తయ్య ఇంట్లో దసరా నాడు తొలి పూజ అమ్మవారికి కాదు, మూటకు. ఎర్రగుడ్డలో కట్టిన పాత కాగితాల కట్ట అది. పెద్దల మూట అనేవారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే దుకాణం షట్టరు పైకి లేచేది. అందులో ఏముందని ఎవరైనా అడిగితే దత్తయ్యకు ఎక్కడలేని కోపం వచ్చేది.

"దేవుని కడుపుల ఏమున్నదని అడుగుతరా ఎవలన్న?" అని గద్దించేవాడు.

అరవై ఏళ్లు పూజ చేశాడు మహానుభావుడు. ఒక్కసారి ముడి విప్పిన పాపాన పోలేదు!

తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. తండ్రి పోయేనాటికి దత్తయ్యకు పన్నెండేళ్లు. అక్షరం ముక్క రాని తల్లి ఆ మూటను దేవుడి గూట్లోకి ఎక్కించి, "ముట్టకు బిడ్డా, పెద్దలది, కండ్లు పోతయ్" అని బెదిరించింది. చిన్నప్పుడు పట్టుకున్న ఆ భయమే పెద్దయ్యాక భక్తి అయింది. నలుగురూ మెచ్చుకునే కొద్దీ ఆ భక్తి పెరిగింది.

రెండు వేల ఇరవై రెండులో ప్రాణహిత పుష్కరాలు వచ్చాయి. అప్పటికే మూటకు ఒక మూల చెదలు పట్టింది. పూజలందుకున్న వస్తువు పాడైతే ఇంట్లో ఉంచకూడదు, చెత్తలో పారేయకూడదు, పారే నీళ్లలో వదలాలి. పుష్కరాలకంటే మంచి ముహూర్తం ఎప్పుడొస్తుంది? దత్తయ్య సిద్ధమయ్యాడు. పదో తరగతి పరీక్షలు రాసిన మనవరాలు ప్రగతి అడ్డం వచ్చింది.

"తాతా, జర ఆగు. ఒక్కసారి ఇప్పుదాం. ఫోన్ల ఫోటోలు తీసుకుంట, అటెనుక ఇడుద్దువు."

"నోరు మూస్కో పోరీ! పెద్దల మీదికి ఫోన్ పడ్తవా?"

డప్పులతో ఘాటుకు తీసుకెళ్లాడు. నడుంలోతు నీళ్లలో నిలబడి, కళ్లు మూసుకుని వదిలేశాడు. నీళ్లు తాగి మూట మునిగిపోతుంటే చేతులెత్తి మొక్కాడు. ఆ రోజు పాతికమందికి భోజనం పెట్టాడు. పెద్దలను చూసుకుంటే దత్తయ్యలా చూసుకోవాలని బజారంతా చెప్పుకుంది. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

రెండేళ్లు తిరిగాయి. ప్రగతికి నాగపూర్‌లో నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. రిజర్వేషన్ సీటు. దానికి కుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదట. అది నిజమని గడ్చిరోలిలోని కుల పరిశీలన కమిటీ ముద్ర వేసిన వ్యాలిడిటీ కావాలట. ఆ ముద్ర పడాలంటే పంతొమ్మిది వందల అరవై ఏడుకు ముందే ఈ కుటుంబం ఇక్కడ ఉందనీ, ఫలానా కులమనీ చూపించే కాగితం ఒక్కటైనా ఉండాలి. గడువు నెలాఖరు. అది దాటితే సీటు ఇంకొకరిది.

దత్తయ్య బడి రికార్డు దొరికింది కానీ ఏం లాభం? ఆ కాలపు మరాఠీ పంతులు కులం గడిలో 'తెలంగి' అని రాసి చేతులు దులుపుకున్నాడు. తెలుగు మాట్లాడేవాళ్లంతా ఆయన లెక్కలో ఒకటే కులం మరి! దత్తయ్య కొడుకు, ప్రగతి నాన్న సంకేత్ నెల రోజులు కాళ్లరిగేలా కచేరీల చుట్టూ తిరిగాడు. వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట: "ఇంట్ల పాత కాగితాలేమన్న ఉన్నయేమో సూడున్రి." ఆ మాట విన్న రోజున సంకేత్ ఇంటికొచ్చి తండ్రి ముఖం చూసేవాడు. తిట్టేసినా పీడ విరగడయ్యేది అనుకునేవాడు దత్తయ్య.

ఆశ చావక ఒకరోజు రేగుంటలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాడు. యాదక్క ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్ద. వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"అక్కా, మూటల నాయిన ఏం పెట్టిండో నీకేమన్న యాదికున్నదా?"

"యాదికి లేకేంది? ఏటేట దసరాకు ముడి ఇప్పి కాగితాలు ఎండకేసేటోడు. గాలికి ఎగరకుంట రాళ్లు పెట్టుడు నా పని. నువ్వు ఆటకు ఉరికేటోనివి. తాత బడి కాగితం ఉండె. తాత వాళ్ల నాయిన పేరు మీద భూమి పట్టా ఉండె. పేరు, ఊరు, కులం, అన్ని రాసి ఉండె. ఒక్కొక్కటి సదివి ఇనిపించి, మల్ల కట్టి, ఆఖరికి బొట్టు పెట్టేటోడు. గదే దసరా పూజ. ఎందుకురా?"

దత్తయ్య చెప్పాడు. యాదక్క చేతిలో చాట ఆగిపోయింది.

"పుష్కరాలల్ల ఇడిసినవంటే పాత గుడ్డ ఇడిసినవనుకున్న. కాగితాలతోటేనా? ఓరి నా తమ్మీ, ఒక్కసారన్న సూడొద్దార!"

అరవై ఏళ్లూ తాను చేసింది బొట్టు పెట్టడమొక్కటే అని దత్తయ్యకు అప్పుడు తెలిసింది. విప్పడం, ఎండబెట్టడం, చదవడం, అసలు పూజంతా తండ్రితోనే పోయింది. సిగ్గుతో ఆయనకు ఏడుపొచ్చింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి అక్క ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, యాదక్క మాటలన్నీ స్టాంపు కాగితం మీద రాయించి, ఆమె వేలిముద్ర వేయించుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని గడ్చిరోలి వెళ్లాడు. కమిటీలో కూర్చున్న ఆఫీసరమ్మ మర్యాదస్తురాలు. ముసలాయనకు కుర్చీ వేయించింది. కాగితం మొత్తం చదివి మరాఠీలో అడిగింది.

"ఆ మూటలో ఇవన్నీ ఉన్నట్టు మీరు కళ్లారా చూశారా?"

"లేదు మేడం. మా అక్క చూసింది."

"మీ ఇంట్లోనే కదా ఉంది?"

"అవును మేడం. అరవై ఏళ్లు," అన్నాడు దత్తయ్య. ఆమెకే జాలి కలిగినట్టుంది, కలం అందుకుంది.

"సరే, నోటిమాటతో పని జరగదు. కానీ పేర్లు చెప్పండి. ఆ పేర్ల మీద పాత భూమి దస్తరాల్లో ఏదైనా దొరికితే మీ అమ్మాయి పని అయిపోతుంది. మీ తాతగారి పేరు?"

"పోశయ్య."

"ఆయన తండ్రి పేరు? పట్టా ఆయన పేరు మీదే కదా ఉందంటున్నారు?"

దత్తయ్య నాయిన నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. పేరు రాలేదు.

"పోనీ, భూమి ఏ ఊళ్లో?"

"నది ఒడ్డుకే మేడం..."

"ఏ ఊరు?"

ప్రగతి గబగబా రేగుంటకు ఫోన్ కలిపింది. స్పీకర్‌లో యాదక్క గొంతు వినిపించింది. "నాయిన సదివేటోడు బిడ్డా, నోట్లనే తిరుగుతున్నది. ఊరు పేరు సుత గంతే. వస్తలేదు, బిడ్డా, వస్తలేదు."

ఆఫీసరమ్మ కాసేపు ఎదురుచూసింది. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. గడువు పెంచడం తన చేతిలో లేదని చెప్పి, ఫైలు మూసి పక్కన పెట్టింది.

తిరుగు బస్సులో ప్రగతి కిటికీ పక్కన కూర్చుంది. స్టాండు దాటేదాకా దత్తయ్య ఓపిక పట్టాడు.

"తిట్టు బిడ్డా. నీ నోటికొచ్చింది తిట్టు."

"తిడితే కాయితం వస్తదా తాతా?" అంది ప్రగతి. కళ్లు తుడుచుకుంది. ఆయన వైపు తిరిగింది. "సీటైతె పాయె. మీ తాత ఎట్లుండేటోడు? గదన్న చెప్పు."

దత్తయ్యకు ప్రాణం లేచి వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. తాత పేరు పోశయ్య అన్నాడు. మనిషి బాగా పొడుగట, నాయిన చెప్పేవాడు. బండి కట్టుకుని జింగనూర్ దాకా పోయి ఉప్పు అమ్మేవాడట.

"మీ నాయినమ్మ పేరేంది?"

తెలియదు.

"ఆయన యాడ పుట్టిండు? ఎన్నడు సచ్చిపోయిండు? కోపమొస్తే ఏమనేటోడు?"

దత్తయ్య వెతుక్కున్నాడు. అరవై దసరాలూ వెతికాడు. పసుపు తప్ప ఏమీ కనిపించలేదు.

"అటెనుక తాతా?" అంది ప్రగతి, ఇంకా ఆయన ముఖంలోకే చూస్తూ.

"గంతే బిడ్డా."

సిరొంచ చేరడానికి ఇంకా ఆరు గంటలు పడుతుంది. బస్సు అప్పటికి గడ్చిరోలి పక్కనున్న చామోర్షి కూడా దాటలేదు.