రెండో షిఫ్టు వాల్‌పేపర్

ఎక్స్‌రే ల్యాబులో రిపోర్టులు టైపు చేసే ఆవిడది పొద్దుటి డ్యూటీ. రెండింటికి ల్యాబుకు తాళం పడుతుంది. రెండున్నరకు రెండో షిఫ్టు ఆయన వచ్చి అదే కుర్చీలో, అదే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఆ అరగంట పుణ్యమా అని నాలుగు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కొత్త కంప్యూటర్ బిగించిన వారానికి ఆమె ఫోన్ మొరాయించింది. ఉన్న ఒక్క మంచి ఫోటో, కిటికీలో తను పెంచిన గులాబీది, పోతుందేమోనని కంప్యూటర్‌లో బొమ్మల ఫోల్డరులో దాచింది. మర్నాడు వచ్చేసరికి స్క్రీన్ నిండా ఆ గులాబీ! ఆమె గుండె ఝల్లుమంది. ఆయనే పెట్టి ఉంటాడు, ఇంకెవరు పెడతారు?

ఆ రోజే ఫోన్‌లో మిగిలిన మరో నాలుగు ఫోటోలు ఆ ఫోల్డరులో వేసింది. గోడ మీది పిల్లి, టీ కప్పు, వానలో తమ వీధి, అద్దంలో తన చెయ్యి. రోజుకొకటి తెర మీదికి వచ్చింది. వాన కురిసిన రోజున వాన వీధే వచ్చేసరికి ఉబ్బి తబ్బిబ్బయింది. బొమ్మకు అడ్డం రాకుండా ఐకాన్లన్నీ ఓ పక్కకు నెట్టి, వాటిని బుల్లివిగా చేసింది. యాభయ్యో ఏట ఇదేం వరస అని మనం నవ్వుకోవచ్చు. కానీ ఇంటికెళ్తే ఆమెతో మాట్లాడేది కుక్కర్ ఒక్కటే.

"మొహం కూడా తెలీని మనిషి గురించి ఏంటక్కా ఈ గోల? ఓ అరగంట ఆగి మాట్లాడొచ్చుగా" అని ఫోన్‌లో చెల్లెలు కసిరింది.

శుక్రవారం ఆగింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని మెట్ల మీద కూర్చుంది. రెండున్నరకు వచ్చినాయనకు బట్టతల, సోడాబుడ్డి కళ్ళద్దాలు.

"బొమ్మలు భలే ఎంచుతున్నారండీ" అంది.

"ఏం బొమ్మలు?"

"అదే, స్క్రీన్ మీద. రోజుకొకటి మారుస్తున్నారుగా."

"నేనా? అయ్యో, నేను ముట్టుకోనండీ. అది దానంతటదే మారుతుందట, బిగించినాయన అలా పెట్టి వెళ్ళాడు. అయినా రిపోర్టు తప్ప వెనకాల ఏముందో నాకు కనబడి చస్తేగా!"

ఆమె నీరుగారిపోయింది. ఇన్నాళ్ళూ యంత్రంతో ముచ్చట్లాడిందన్నమాట. ఏడుపొచ్చినంత పనయింది. సంచీ భుజాన వేసుకుని లేచింది.

"ఒక్క నిమిషమండీ" అన్నాడాయన. "అక్షరాలు పెద్దవి చేసింది మీరేగా? పాతదాంట్లో చీమల్లా ఉండేవి, కళ్ళు లాగేసేవి. నన్ను కూడా తలుచుకునేవాళ్ళు ఒకరున్నారని మా ఇంట్లో గోడలకి చెప్పుకున్నాను. థాంక్స్ చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నా, ధైర్యం చాల్లేదు."

ఆ అక్షరాలు బిగించిన రోజు నుంచీ అంతే ఉన్నాయి. ఆమె వాటి మీద వేలైనా పెట్టలేదు. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచింది. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"నేనేనండీ" అంది. "ఇంకొంచెం పెద్దవి చేయమంటారా?"