రెండు విజిళ్ళు

కర్ర పట్టుకుని నడిచేవాళ్ళని శిథిలాలు చూడ్డానికి తీసుకెళ్ళరట. ఓడ మూడో అంతస్తులో యాత్రల బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఆ మాట నవ్వుతూనే చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినదాన్ని, నవ్వుతూ జనాన్ని దించెయ్యడం నాకూ వచ్చు. మా ఆయన చూపు సంగతి దాచకుండా ఫారంలో రాయడమే మేం చేసిన తప్పు. సార్ పైన డెక్కు మీద హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చని, సాయంత్రం దాకా సంగీతం కూడా ఉంటుందని ఆ అమ్మాయి ఊరడించింది. సంగీతం వినడానికి సముద్రం మీదకి రావాలా? మా ఇంటి పక్కనే బ్యాండు మేళం వాళ్ళున్నారు.

మా ఆయన తాపీ మేస్త్రీ. నలభై ఏళ్ళు గోడలు కట్టారు. రెండేళ్ళుగా ఆయన చూపు చుట్టూతా మూసుకుపోతోంది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. వచ్చే ఏడాదికి ఆ కాస్తా మిగలదని డాక్టరు తేల్చేశాడు. ఈ ఓడ ప్రయాణానికి ఆయన ఒప్పుకున్నది ఆ శిథిలాల్లో, కొండ మీదున్న ఒకే ఒక్క గోడ కోసం. సిమెంటు కొట్టు వాళ్ళిచ్చిన క్యాలెండరులో ఉండేది ఆ గోడ బొమ్మ. ఆ ఏడాది గడిచి పద్దెనిమిదేళ్ళైనా దాన్ని మేకు మీంచి తియ్యనివ్వలేదు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి, అంతే. రాళ్ళ మధ్య గోరు కూడా దూరదని బొమ్మ కింద రాసి ఉంది. నిజమో కాదో తానే గోరు పెట్టి చూడాలని ఆయన పట్టు.

మాతో మా అక్కా, బావా వచ్చారు. ఏర్పాట్లన్నీ బావే చూశారు. ఆయన రూల్సు పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకునే రకం, అందుకే ఇంటిల్లిపాదీ వెనకాల రూల్సు బావ అంటాం. ఓడ వాళ్ళ బస్సులో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుందని, సొంతంగా వెళ్తే క్షణం కూడా ఆగదని, నాలుగింటికల్లా ఎక్కెయ్యాలని నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ ఒక్కరోజుకీ మేస్త్రీని గదిలో వదిలేసి వాళ్ళతో రమ్మన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొగుణ్ణి మూటలా గదిలో పడేసి, ఆయన గోడ నేను చూసి రావాలా?

"ఆ కొండకి ఊరి బస్సు పోతుంది బావా," అన్నాను. "బస్సు పోయే చోటికి నేను పోలేకపోతే, ముప్పై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం దండగ."

మర్నాడు పదకొండింటికి ఓడ రేవు చేరగానే దిగాం. నా భుజాన పాత డ్యూటీ సంచి. అందులో పాస్‌పోర్టులు, మందులు, నీళ్ళు, నా విజిలు. పాస్‌పోర్టులు ఓడలోనే దాచుకోవాలని బావ అంటారు. బస్సెక్కేవాడి కాగితాలు బస్సెక్కేవాడి దగ్గరే ఉండాలని నేనంటాను. మేస్త్రీ జేబులో తూకం గుండు ఉంది. గోడ నిలువు చూసుకోవడానికి దారానికి కట్టిన ఆ ఇత్తడి గుండు లేకుండా ఆయన పెళ్ళి చూపులకి కూడా రాలేదు.

రేవు గేటు దాటగానే టాక్సీవాళ్ళు ఈగల్లా ముసిరారు. బస్సులు లేవని ఒకడు, ఉన్నా ఆ కొండకి పోవని ఇంకొకడు. ఏ ఊళ్ళోనైనా టాక్సీవాడు చెప్పేది ఇదే. చేతిలో కూరగాయల సంచీ ఉన్న ఒకావిడ వెనకాలే నడిచాను. పది నిమిషాల్లో బస్టాండు వచ్చింది. లోపలికి అడుగుపెట్టగానే చేతి గడియారం తీసి, గోడ గడియారంతో సరిచేసుకున్నాను. నాది గంట ముందుంది. ఓడెక్కిన రోజు తప్పు తిప్పి ఉంటాననుకుని ముల్లు వెనక్కి జరిపాను. డ్యూటీ ఎక్కేముందు డిపో గడియారాన్ని చూసి సరిచేసుకోవడం నాకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. పక్కనే నిలబడ్డ మేస్త్రీ ఏం చేస్తున్నావని అడిగారు. టైము పెట్టుకుంటున్నానని చెప్పాను. సరే, బస్సు చూడమన్నారు.

తర్వాత బోర్డు మొత్తం చదివాను. ఆ లిపి నాకు రాదు, అయినా ఓడవాళ్ళిచ్చిన కాగితంలో ఊళ్ళ పేర్లు ఆ లిపిలోనూ ఉన్నాయి, అక్షరాలు పోల్చుకున్నాను. కొండకి గంటకొక బస్సు. రేపు పొద్దున మా ఓడ ఆగబోయే ఊరు కూడా బోర్డు మీద ఉంది, దానికి సాయంత్రం ఐదింటికి బస్సు. మాకెందుకులే అనుకున్నా గుర్తుపెట్టుకున్నాను.

కొండ బస్సు డ్రైవరుకి నా భాష రాదు, నాకతని భాష రాదు. సంచిలోంచి విజిలు తీసి చూపించి, టిక్కెట్టు చింపినట్టు చేతులాడించాను. అతనికి వెంటనే అర్థమైంది. తన వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని లేపి మరీ మమ్మల్ని కూర్చోబెట్టాడు. కొండ కింద దిగేటప్పుడు తిరుగు బస్సుల టైములు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. పెద్దాఫీసుల్లో కూర్చునేవాళ్ళు చెప్పేదానికన్నా డ్రైవరు వేళ్ళే నాకు నమ్మకం.

మెట్లు మేం అనుకున్నదానికన్నా ఎక్కువ. నేను ముందు, నా సంచి పట్టా పట్టుకుని మేస్త్రీ వెనక. మెట్టు ఎత్తుంటే ఎత్తు, విరిగుంటే విరిగింది అని చెబుతూ ఎక్కించాను. సగం దూరంలో ఒక చదును. అక్కడ కూర్చుని ఆయన మోకాళ్ళు నొక్కుకుంటుంటే పైనించి ఓడవాళ్ళ గుంపు దిగుతూ కనిపించింది. ముందర జెండా పట్టుకున్న గైడు, చివర్లో మా బావ, అక్క.

మమ్మల్ని చూడగానే బావ మొహం కందగడ్డ అయింది. ఇంకా ఇక్కడే ఉన్నారేమిటని అడిగారు. రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుందని, మూడింటి బస్సుకి బయల్దేరినా నాలుగు లోపల ఓడ దగ్గరుంటామని గడియారం చూపించాను.

"నీ బొంద రెండు," అన్నారు బావ. "ఓడ టైము ఇప్పుడు మూడు కావస్తోంది. ఈ ఊరి టైముకి ఓడ గంట ముందుంటుంది. నువ్వు మూడింటికి బస్సెక్కితే ఓడ అప్పటికే వెళ్ళిపోతుంది."

 ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా నా బస్సు నా వల్ల ఆలస్యం కాలేదు. అలాంటిది గోడ గడియారం చూసి నేనే గంట పోగొట్టాను. గైడు మంచివాడే, మేస్త్రీ పరిస్థితి చూసి, జాబితాలో పేర్లు లేకపోయినా ఇప్పుడే వస్తే తమ బస్సులో ఎక్కించుకుంటానన్నాడు. గోడ మాట అడిగితే బావ చెయ్యి పైకి చూపించారు. వాళ్ళు కూడా దాని దాకా వెళ్ళలేదట. ఆ చివరి మెట్లు టూరులో లేవు, కింద నుంచి ఫొటో తీసుకుని వచ్చేశారట.

నేను మేస్త్రీ వైపు చూశాను. ఆయన పైకి, గోడ ఉందనుకున్న వైపు మొహం తిప్పి కూర్చున్నారు. అది గోడ వైపు కాదు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది, వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఓడ మీద, ఫారం మీద, నా గడియారం మీద.

"మీరు వెళ్ళండి బావా," అన్నాను. "మేం ఎక్కుతాం."

"ఓడ పోతుందే."

"పోనివ్వండి. రేపు ఇంకో ఊళ్ళో ఆగుతుందిగా. సాయంత్రం ఐదింటికి ఆ ఊరికి బస్సుంది."

బావ గైడు వైపు చూశారు. దీనికి రూల్సు పుస్తకంలో జవాబు లేదనుకుంటాను. అక్క మాత్రం చప్పుడు చెయ్యకుండా తన శాలువా తీసి నా సంచిలో కుక్కి, నా చెంప ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది.

పైకి చేరేసరికి ఇద్దరికీ ఊపిరి అందలేదు. గోడ మా ఇంటికి రెండింతలు ఎత్తుంది. ముందర తాడు కట్టి ఉంది. మేస్త్రీ తాడు దాటి, కర్ర నాకిచ్చి, చెయ్యి చాచారు. వేళ్ళు రాయికి ఇంకా జానెడు దూరంలో ఉండగా కాపలావాడు విజిలు ఊదాడు. ఒకటే విజిలు. మేస్త్రీ ఠక్కున ఆగిపోయారు. కండక్టరు మొగుడు కదా, ఒక విజిలంటే ఆగమని, రెండంటే కదలమని ఆయనకి తెలుసు.

నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. గుండెనిండా గాలి పీల్చి రెండు విజిళ్ళు ఊదాను.

మేస్త్రీ కదిలారు. కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు, కోపంగానే వచ్చాడు. అప్పటికి మేస్త్రీ గోడకి మొహం ఆనించేంత దగ్గరగా నిలబడి, జేబులోంచి గుండు తీసి దారం వదులుతున్నారు. ఆ గుండుని, ఆయన కళ్ళని చూసి కాపలావాడు నెమ్మదించాడు. నన్నో చూపు చూసి, మిగతా జనం వైపు వీపు తిప్పి మాకు అడ్డంగా నిలబడ్డాడు.

దారం గోడకి పైన ఎంత దూరముందో, కింద ఎంత దూరముందో చూసి చెప్పమన్నారు మేస్త్రీ. వంగి చూశాను, వేలు పెట్టి కొలిచాను. పైనా కిందా ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత ఆయన బొటనవేలి గోరుతో రాళ్ళ సందులు వెతికారు. ఒక వరస, రెండో వరస, మూడోది. గోరు దూరలేదు. నాలుగో వరస చివర్లో ఆగి, గోరుతో గీకి, వాసన చూసి నవ్వారు.

"ఇది సిమెంటే. మొన్నీమధ్య ఎవడో నాబోటివాడు మరమ్మతు చేశాడు. పెద్దవాళ్ళ పనిలో వేలు పెట్టి చెడగొట్టాడు."

నలభై ఏళ్ళ పనిలో ఆయన ఎవరి గోడనీ మెచ్చుకోవడం నేను వినలేదు. ఆ గోడకి మాత్రం రెండు అరచేతులూ ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. కిందినుంచి ఓడ కూత వినిపించినా చేతులు తియ్యలేదు.

బస్టాపులో కూర్చున్నాక నేను తప్పు ఒప్పుకున్నాను. గడియారం వెనక్కి తిప్పింది నేనేనని, నా మూలానే ఓడ పోయిందని చెప్పాను.

"నాకు తెలుసు," అన్నారు ఆయన. "ఊరి టైముకీ ఓడ టైముకీ తేడా ఉంటుందని పొద్దున మైకులో చెప్పారు. నువ్వు స్నానాల గదిలో ఉన్నావు."

"బస్టాండులో నేను ముల్లు తిప్పుతుంటే పక్కనే ఉన్నారుగా. చెప్పలేదేం?"

"చెబితే టైము లేదని నన్ను సగంలో దించేసేదానివి. నీ డ్యూటీ నాకు తెలీదా?"

తిట్టడానికి నోరు తెరిచాను, నవ్వొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంటే గోటి నిండా పాత రాతి పొడి.

మర్నాడు పొద్దున ఓడ ఆగబోయే ఊరి రేవులో, అక్క శాలువా ఇద్దరం కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాం. ఈసారి ఓడ కాగితం చూసి గడియారాన్ని ఓడ టైముకే పెట్టాను. ఓడ ఎనిమిదింటికి రావాలి. ఓడ వచ్చి ఆగాక మెట్ల మీంచి అందరికన్నా ముందు బావే దిగారు, మొహమంతా రాత్రంతా కూడబెట్టిన తిట్లతో. ఆయన్ని నోరు తెరవనివ్వకుండా గడియారం మొహం ముందు పెట్టాను.

"ఇరవై నిమిషాలు లేటు బావా. మేం టైముకే వచ్చాం."